‘డీఎల్‌ఎల్ దొరకలేదు’ అని ప్రోగ్రామ్ మొరాయిస్తే ఏం చేయాలి?

మీ లాప్‌టాప్‌లో చక్కగా నడిచిన సీ++ ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంకో విండోస్ కంప్యూటర్‌లో డబుల్ క్లిక్ చేస్తారు. ఫలానా డీఎల్‌ఎల్ దొరకలేదు, మళ్లీ ఇన్‌స్టాల్ చేసి చూడండి అంటూ చిన్న పెట్టె వస్తుంది. సాధారణంగా ప్రాజెక్టు చూపించాల్సిన రోజునే వస్తుంది. దీన్ని సరిచేసే పద్ధతిని వరుసగా చెబుతాను. ఫైళ్ల పేర్లు, కమాండ్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. కీబోర్డు మీద మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

తెలుసుకోవాల్సిన సిద్ధాంతం ఇంతే: కంపైల్ చేసినప్పుడు మీ ప్రోగ్రామ్‌కు కావలసిన కోడ్ అంతా ఈఎక్స్‌ఈ ఫైల్లోకి రాదు. కొంత భాగం డీఎల్‌ఎల్ ఫైళ్లలోనే ఉంటుంది, వాటి పేర్ల పట్టిక మాత్రం ఈఎక్స్‌ఈలో ఉంటుంది. మీ కోడ్‌లో ఒక్క లైను కూడా నడవకముందే విండోస్ ఆ పట్టిక తీసి ఒక్కొక్క ఫైలునూ వెతుకుతుంది. ఒక్కటి దొరక్కపోయినా అక్కడే ఆపేస్తుంది. కాబట్టి ఈ తప్పు కోసం కోడ్‌లో ప్రింట్ లైన్లు పెట్టి వెతకడం దండగ.

మొదట చేయకూడని పని

ఆ డీఎల్‌ఎల్ పేరును గూగుల్‌లో కొట్టి, ‘ఉచిత డీఎల్‌ఎల్ డౌన్‌లోడ్’ అనే సైట్ నుంచి ఫైలు తెచ్చి సిస్టమ్32 ఫోల్డర్‌లో పడేయకండి. అక్కడ దొరికేది ఏ వెర్షనో, 32 బిట్టో 64 బిట్టో, లోపల ఏముందో చెప్పేవాళ్లు ఉండరు. అదృష్టవశాత్తూ సరైన ఫైలే దొరికినా, దానికి కావలసిన రెండో ఫైలు లేదని వెంటనే ఇంకో పెట్టె వస్తుంది. ఏ డీఎల్‌ఎల్‌కైనా ఒక సొంతదారు ఉంటాడు. ఆ సొంతదారు ఎవరో తెలుసుకుని అక్కడి నుంచే తెచ్చుకోవాలి. కింద చెప్పే పనంతా దాని కోసమే.

కావలసినవి

- తప్పు వస్తున్న ఈఎక్స్‌ఈ ఫైలు, వీలైతే దాన్ని కంపైల్ చేసిన కంప్యూటర్
- డిపెండెన్సీస్ అనే ఉచిత టూల్. గిట్‌హబ్‌లో దొరుకుతుంది, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. పాత డిపెండెన్సీ వాకర్‌ను విండోస్ 10, 11ల మీద వాడకండి. ‘ఏపీఐ-ఎంఎస్-విన్’ అని మొదలయ్యే పేర్లన్నీ లేవని తప్పుగా చూపించి మిమ్మల్ని దారి తప్పిస్తుంది.
- మింగ్‌డబ్ల్యూ (విండోస్ మీద జీ++తో కంపైల్ చేసే ఉచిత కంపైలర్) వాడేవాళ్లకు దానితోపాటే వచ్చే ఆబ్జ్‌డంప్, విజువల్ స్టూడియో వాడేవాళ్లకు డంప్‌బిన్. డిపెండెన్సీస్ తెచ్చుకోలేనప్పుడు ఇవి చాలు.

1. సందేశాన్ని పూర్తిగా చదవండి

దీనికంటే ముందు ఒక్క ప్రశ్న. ప్రోగ్రామ్‌ను జిప్ ఫైలు లోపలి నుంచే డబుల్ క్లిక్ చేశారా? అలా చేస్తే విండోస్ ఆ ఈఎక్స్‌ఈని ఒక్కదాన్నే తాత్కాలిక ఫోల్డర్‌లోకి తీసి నడుపుతుంది. పక్కనున్న డీఎల్‌ఎల్‌లు జిప్‌లోనే ఉండిపోతాయి. జిప్ మీద రైట్ క్లిక్ చేసి, ‘ఎక్స్‌ట్రాక్ట్ ఆల్’ ఇచ్చి, బయటకు వచ్చిన ఫోల్డర్ నుంచి నడపండి. ఈఎక్స్‌ఈని మాత్రమే డెస్క్‌టాప్ మీదకు జరిపినా ఇదే జరుగుతుంది. డెస్క్‌టాప్ మీద కావాలంటే షార్ట్‌కట్ పెట్టుకోండి.

అది కాకపోతే, వచ్చిన తప్పు ఈ మూడింట్లో ఏదో చూడండి. మూడింటికీ మందు వేరు.

- ఫైలు అసలే దొరకలేదు: పెట్టెలో ఒక డీఎల్‌ఎల్ పేరు ఉంటుంది. దీని కోడ్ 0ఎక్స్‌సీ0000135. వీఎస్ కోడ్ లాంటి చోట్ల -1073741515 అనే సంఖ్యగా కనిపిస్తుంది.
- ఫైలు దొరికింది, రకం తప్పు: 0ఎక్స్‌సీ000007బీ, అంటే -1073741701. ఇందులో డీఎల్‌ఎల్ పేరు ఉండదు. దాదాపు ఎప్పుడూ 32 బిట్, 64 బిట్ కలిసిపోయాయని అర్థం.
- ఫైలు దొరికింది, వెర్షన్ తప్పు: ‘ఎంట్రీ పాయింట్ నాట్ ఫౌండ్’ అనే శీర్షికతో పెట్టె. కోడ్ 0ఎక్స్‌సీ0000139, అంటే -1073741511.

పవర్‌షెల్‌లో నడిపినప్పుడు చాలాసార్లు పెట్టె కూడా రాదు. ఎంటర్ కొట్టగానే ఏమీ ప్రింట్ కాకుండా తిరిగి ప్రాంప్ట్ వచ్చేస్తుంది. ప్రోగ్రామ్ నడిచి, ఏమీ చూపించలేదేమో అనుకుని కోడ్‌ను తిరగేసేవాళ్లు బోలెడు మంది. అలాంటప్పుడు అదే ఈఎక్స్‌ఈని మామూలు కమాండ్ ప్రాంప్ట్‌లో గానీ, డబుల్ క్లిక్‌తో గానీ నడపండి, పేరుతో సహా పెట్టె వస్తుంది. గిట్ బ్యాష్‌లో అయితే లినక్స్‌లో వచ్చే ‘షేర్డ్ లైబ్రరీలు లోడ్ చేయడంలో తప్పు’ అనే సందేశం వస్తుంది, లైబ్రరీ పేరు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం మాత్రమే ఉంటుంది. అది చూసి లినక్స్ చిట్కాలు వెతక్కండి, అవి ఇక్కడ పనికిరావు.

2. పేరును బట్టి సొంతదారును గుర్తించండి

- వీసీరన్‌టైమ్140, ఎంఎస్‌వీసీపీ140: మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్. 2015, 2017, 2019, 2022 వెర్షన్లన్నింటికీ ఒకే ప్యాకేజీ సరిపోతుంది.
- వీసీరన్‌టైమ్140_1: అదే ప్యాకేజీ, కానీ 64 బిట్‌లో మాత్రమే ఉంటుంది, 2019తో మొదలైంది. 140 ఉండి 140_1 ఒక్కటే లేదంటే ఆ కంప్యూటర్‌లో ఉన్నది పాత ప్యాకేజీ. కొత్తది వేస్తే సరి.
- ఎంఎస్‌వీసీపీ120, ఎంఎస్‌వీసీఆర్120: 2013 ప్యాకేజీ. 110 అయితే 2012, 100 అయితే 2010. వీటికి 2022 ప్యాకేజీ వేసినా లాభం లేదు, దేనికది విడిగా వేయాలి.
- చివర ‘డీ’ అక్షరం ఉన్నవి, అంటే వీసీరన్‌టైమ్140డీ, ఎంఎస్‌వీసీపీ140డీ, యూసీఆర్‌టీబేస్‌డీ: డీబగ్ బిల్డ్‌వి, అంటే తప్పులు వెతుక్కోవడానికి చేసుకునే బిల్డ్‌వి. ఇవి విజువల్ స్టూడియో ఉన్న కంప్యూటర్‌లోనే ఉంటాయి, పంచిపెట్టడానికి అనుమతి కూడా లేదు. వీటిని వెతక్కండి, ప్రోగ్రామ్‌ను రిలీజ్ మోడ్‌లో మళ్లీ బిల్డ్ చేయండి.
- లిబ్‌ఎస్‌టీడీసీ++-6, లిబ్‌విన్‌పీథ్రెడ్-1, లిబ్‌జీసీసీ_ఎస్_ఎస్‌ఈహెచ్-1: మింగ్‌డబ్ల్యూ. ఎస్‌ఈహెచ్ ఉంటే 64 బిట్, దాని స్థానంలో డీడబ్ల్యూ2 ఉంటే 32 బిట్.
- ఏపీఐ-ఎంఎస్-విన్-సీఆర్‌టీ అని మొదలయ్యేవి: యూనివర్సల్ సీ రన్‌టైమ్. విండోస్ 10 నుంచి సిస్టమ్‌లో భాగమే. విండోస్ 7, 8.1లలో ఈ తప్పు వస్తే కేబీ2999226 అనే అప్‌డేట్ వేయాలి.
- ఓపెన్‌సీవీ_వరల్డ్, ఎస్‌డీఎల్2, క్యూటీ6కోర్ లాంటివి: మీ ప్రోగ్రామ్ వాడుకున్న లైబ్రరీలవి. లైబ్రరీ ఇన్‌స్టాల్ చేసిన ఫోల్డర్‌లోని ‘బిన్’లో ఉంటాయి. ‘లిబ్’ ఫోల్డర్‌లో ఉండే .లిబ్ ఫైళ్లు లింక్ చేయడానికే, నడపడానికి కాదు. ఈ రెండింటినీ కలగాపులగం చేయకండి.

3. ఎన్ని బిట్లో తేల్చుకోండి

విండోస్ 64 బిట్ అయినంత మాత్రాన ప్రోగ్రామ్ కూడా 64 బిట్ కానక్కర్లేదు. డీఎల్‌ఎల్ బిట్లు ప్రోగ్రామ్ బిట్లతో కలవాలి, విండోస్‌తో కాదు.

ఈఎక్స్‌ఈని డిపెండెన్సీస్‌లో తెరిస్తే తెలిసిపోతుంది. ఆబ్జ్‌డంప్‌కు -ఎఫ్ ఇస్తే ‘పీఈఐ-ఎక్స్86-64’ అని వస్తే 64 బిట్, ‘పీఈఐ-ఐ386’ అని వస్తే 32 బిట్. డంప్‌బిన్‌కు /హెడర్స్ ఇస్తే మెషీన్ దగ్గర 8664 అంటే 64, 14సీ అంటే 32. ఏ టూలూ లేకపోతే నోట్‌ప్యాడ్‌లో ఈఎక్స్‌ఈని తెరిచి, మొదటి కొన్ని లైన్లలోనే పెద్దక్షరాల్లో ‘పీఈ’ అనే జంట కోసం చూడండి. దాని తర్వాత పెద్ద ‘ఎల్’ ఉంటే 32 బిట్, చిన్న ‘డీ’ ఉంటే 64 బిట్. చూసి మూసేయండి. పొరపాటున కూడా సేవ్ కొట్టకండి, ఫైలు పాడవుతుంది.

తికమక పెట్టే మాట ఒకటుంది. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉండేవి 64 బిట్ ఫైళ్లు, సిస్‌వావ్64 ఫోల్డర్‌లో ఉండేవి 32 బిట్ ఫైళ్లు. పేర్లు తలకిందులుగా ఉన్నాయని అనిపిస్తుంది, కానీ నిజం అదే. 0ఎక్స్‌సీ000007బీ తప్పుల్లో చాలావాటికి మూలం, ఎవరో ఎప్పుడో తెచ్చి సిస్టమ్32లో పడేసిన 32 బిట్ డీఎల్‌ఎల్.

4. లేనివాటి జాబితా అంతా ఒకేసారి తీయండి

పెట్టె ఒకసారికి ఒక పేరే చెబుతుంది. దాన్ని సరిచేసి, మళ్లీ నడిపి, ఇంకో పేరు చూసి... ఇలా పొద్దుపోతుంది. డిపెండెన్సీస్‌లో ఈఎక్స్‌ఈని తెరిస్తే లేనివన్నీ ఎర్రగా కనిపిస్తాయి. ఈ పనిని తప్పు వస్తున్న కంప్యూటర్‌లోనే చేయాలి. మీ లాప్‌టాప్‌లో చూస్తే అన్నీ ఉన్నట్టే కనిపిస్తాయి మరి.

మింగ్‌డబ్ల్యూవాళ్లు కమాండ్ ప్రాంప్ట్‌లో:

ఆబ్జ్‌డంప్ -పీ మెయిన్.ఈఎక్స్‌ఈ | ఫైండ్‌ఎస్‌టీఆర్ /సీ:"డీఎల్‌ఎల్ నేమ్"

ఇందులో -పీ చిన్న అక్షరం. కోట్స్‌లో ఉన్నవాటిలో ‘డీఎల్‌ఎల్’ అంతా పెద్దక్షరాలు, ‘నేమ్’లో మొదటిది మాత్రమే పెద్దక్షరం. విజువల్ స్టూడియోవాళ్లు డెవలపర్ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి డంప్‌బిన్ /డిపెండెంట్స్ మెయిన్.ఈఎక్స్‌ఈ అని ఇవ్వండి. ఈ రెండూ ఈఎక్స్‌ఈ నేరుగా అడిగే పేర్లే చెబుతాయి, ఆ డీఎల్‌ఎల్‌లు మళ్లీ అడిగేవి చెప్పవు. లిబ్‌ఎస్‌టీడీసీ++-6 ఒక్కటి తెచ్చి పెట్టినా మళ్లీ తప్పు రావడానికి కారణం ఇదే: దానికి మిగతా రెండు మింగ్‌డబ్ల్యూ ఫైళ్లు కూడా కావాలి. ఎంసిస్2 (మింగ్‌డబ్ల్యూను ఇన్‌స్టాల్ చేసుకునే ఒక ప్యాకేజీ) టెర్మినల్ ఉంటే అందులో ఎల్‌డీడీ మెయిన్.ఈఎక్స్‌ఈ ఇవ్వండి, లోలోపలివి కూడా దారితో సహా చూపిస్తుంది.

5. సరిచేయండి

*విజువల్ సీ++ ఫైళ్లయితే.* మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి రీడిస్ట్రిబ్యూటబుల్ దింపి ఇన్‌స్టాల్ చేయండి. 64 బిట్ ప్రోగ్రామ్‌కు ఎక్స్64, 32 బిట్ ప్రోగ్రామ్‌కు ఎక్స్86. రెండూ వేసుకున్నా నష్టం లేదు. నేనైతే రెండూ వేయమనే చెబుతాను, తర్వాత ఇంకో ప్రోగ్రామ్‌కు ఎలాగూ కావాల్సి వస్తుంది.

కాలేజీ ల్యాబ్, ఆఫీసు కంప్యూటర్లలో అడ్మిన్ పాస్‌వర్డ్ ఉండదు. అప్పుడు రెండు దారులు. ఒకటి, మీ విజువల్ స్టూడియో ఇన్‌స్టాల్ అయిన చోట వీసీ, దానిలో రీడిస్ట్, దానిలో ఎంఎస్‌వీసీ, వెర్షన్ సంఖ్య, ఆపై ఎక్స్64 అనే వరుసలో వెళితే సీఆర్‌టీ ఫోల్డర్ ఉంటుంది. అందులోని డీఎల్‌ఎల్‌లను మీ ఈఎక్స్‌ఈ పక్కనే కాపీ చేయండి. రెండోది, ప్రాజెక్ట్ ప్రాపర్టీస్‌లో సీ/సీ++, కోడ్ జనరేషన్, రన్‌టైమ్ లైబ్రరీ దగ్గర మల్టీ-థ్రెడెడ్ (/ఎంటీ) ఎంచుకుని మళ్లీ బిల్డ్ చేయండి. ఆ కోడ్ ఈఎక్స్‌ఈలోకే వచ్చేస్తుంది. ప్రాపర్టీస్ పెట్టెలో పైన కాన్ఫిగరేషన్ ‘రిలీజ్’ అని ఉందో లేదో చూసి మరీ మార్చండి. డీబగ్‌కు మార్చి, రిలీజ్ బిల్డ్ చేసి, మారలేదేమిటా అని తల పట్టుకోవడం మామూలే.

*మింగ్‌డబ్ల్యూ ఫైళ్లయితే.* అన్నిటికంటే సులువైనది స్టాటిక్ లింకింగ్, అంటే లైబ్రరీ కోడ్‌ను ఈఎక్స్‌ఈలోనే కలిపేయడం:

జీ++ మెయిన్.సీపీపీ -ఓ మెయిన్.ఈఎక్స్‌ఈ -స్టాటిక్

ఈఎక్స్‌ఈ సైజు కిలోబైట్ల నుంచి మెగాబైట్లలోకి పోతుంది, అంతకు మించి ఇబ్బంది లేదు. చాలాచోట్ల -స్టాటిక్-లిబ్‌జీసీసీ, -స్టాటిక్-లిబ్‌ఎస్‌టీడీసీ++ అనే రెండు ఆప్షన్లు వాడమంటారు. వాటితో లిబ్‌విన్‌పీథ్రెడ్-1 మిగిలిపోవచ్చు. చిన్న ప్రోగ్రామ్‌లకు -స్టాటిక్ ఒక్కటే మేలు.

మళ్లీ కంపైల్ చేయలేకపోతే ఆ మూడు డీఎల్‌ఎల్‌లను ఈఎక్స్‌ఈ పక్కన పెట్టండి. మీరు ఏ కంపైలర్‌తో బిల్డ్ చేశారో దాని బిన్ ఫోల్డర్ నుంచే తీసుకోవాలి. ఎంసిస్2లో యూసీఆర్‌టీ64 ఫోల్డరూ, మింగ్‌డబ్ల్యూ64 ఫోల్డరూ రెండూ ఉంటాయి. ఒకదానితో కంపైల్ చేసి రెండోదాని డీఎల్‌ఎల్ పెట్టకండి.

*ఓపెన్‌సీవీ లాంటి బయటి లైబ్రరీలయితే.* బిన్‌లోని డీఎల్‌ఎల్‌ను ఈఎక్స్‌ఈ పక్కన కాపీ చేయండి. విండోస్ ముందుగా చూసేది ఈఎక్స్‌ఈ ఉన్న ఫోల్డర్‌నే. ఆ తర్వాత సిస్టమ్ ఫోల్డర్లు, విండోస్ ఫోల్డర్, ప్రస్తుత ఫోల్డర్, అన్నిటికన్నా చివర పాత్, అంటే ప్రోగ్రామ్‌లను వెతకడానికి విండోస్ పెట్టుకునే ఫోల్డర్ల జాబితా. లినక్స్‌లో ప్రోగ్రామ్ పక్కన పెట్టినంత మాత్రాన దొరకదు కాబట్టి, అక్కడి నుంచి వచ్చినవాళ్లకు ఇది వింతగా ఉంటుంది.

మీ సొంత కంప్యూటర్‌లో రోజూ వాడే లైబ్రరీ అయితే పాత్‌లో చేర్చుకోవచ్చు. స్టార్ట్ మెనూలో ‘ఎన్విరాన్‌మెంట్’ అని వెతికి, పాత్ ఎంచుకుని, ఎడిట్, న్యూ, బిన్ ఫోల్డర్ దారి, ఓకే. ఇక్కడ జరిగే తప్పులు మూడు: ఫోల్డర్ బదులు డీఎల్‌ఎల్ ఫైలు దారే ఇవ్వడం, పాత టెర్మినల్‌లోనే మళ్లీ నడపడం (వీఎస్ కోడ్ అయితే లోపలి టెర్మినల్ మూస్తే చాలదు, వీఎస్ కోడ్‌నే మూసి తెరవాలి), ‘సెట్‌ఎక్స్’ కమాండ్‌తో పాత్ మార్చడం. చివరిది ప్రమాదం. 1024 అక్షరాలు దాటితే మిగతాది కోసేస్తుంది, పాత పాత్ తిరిగి రాదు.

క్యూటీ ప్రోగ్రామ్‌లకు చేత్తో కాపీ చేయడం కుదరని పని. రిలీజ్ బిల్డ్ ఈఎక్స్‌ఈని ఖాళీ ఫోల్డర్‌లో పెట్టి, క్యూటీ కమాండ్ ప్రాంప్ట్‌లో విన్‌డిప్లాయ్‌క్యూటీ అనే టూల్‌కు దాని దారి ఇవ్వండి. కావలసినవన్నీ అదే తెచ్చి పెడుతుంది.

6. ‘ఎంట్రీ పాయింట్’ తప్పు వస్తే

ఫైలు ఉంది, కానీ అందులో మీ ప్రోగ్రామ్ అడిగిన ఫంక్షన్ లేదు. అదే పేరున్న పాత డీఎల్‌ఎల్ ముందుగా దొరికింది. లిబ్‌ఎస్‌టీడీసీ++-6 విషయంలో ఇది నిత్యం జరిగేదే, ఎందుకంటే వెర్షన్లు మారినా ఫైలు పేరు అదే. కంప్యూటర్‌లో రెండు మూడు మింగ్‌డబ్ల్యూలు ఉన్నా, స్ట్రాబెర్రీ పెర్ల్ లాంటి తన సొంత కంపైలర్‌ను వెంట తెచ్చుకునే సాఫ్ట్‌వేర్ ఉన్నా ఇంతే.

కమాండ్ ప్రాంప్ట్‌లో వేర్ లిబ్‌ఎస్‌టీడీసీ++-6.డీఎల్‌ఎల్ అని కొట్టండి. పాత్‌లో ఉన్న కాపీలన్నీ వరుసగా వస్తాయి. పవర్‌షెల్‌లో ‘వేర్’ అంటే వేరే అర్థం, అక్కడ వేర్.ఈఎక్స్‌ఈ అని పూర్తిగా కొట్టాలి, లేకపోతే ఏమీ చూపించదు. ఎక్కువ కాపీలు కనిపిస్తే పాత్ జాబితాలో మీ కంపైలర్ బిన్‌ను ‘మూవ్ అప్’తో పైకి తేవాలి, లేదా సరైన కాపీని ఈఎక్స్‌ఈ పక్కన పెట్టాలి. రెండోది నమ్మకమైనది.

పెట్టెలో కెర్నెల్32.డీఎల్‌ఎల్ పేరు వస్తే మాత్రం కథ వేరు. ఆ ప్రోగ్రామ్ మీ దగ్గరున్న విండోస్ కంటే కొత్త విండోస్ కోసం తయారైంది. ఇంకో కంప్యూటర్ నుంచి కెర్నెల్32 తెచ్చి మార్చాలని చూడకండి, విండోసే లేవకుండా పోతుంది.

7. నిజంగా సరైందో లేదో చూడండి

మీ కంప్యూటర్‌లో నడిచిందంటే రుజువు కాదు, అక్కడ ముందు నుంచీ నడుస్తూనే ఉంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇలా ఇవ్వండి:

సెట్ పాత్=సీ:\విండోస్\సిస్టమ్32;సీ:\విండోస్

తర్వాత అదే కిటికీలో ఈఎక్స్‌ఈని నడపండి. ఈ మార్పు ఆ ఒక్క కిటికీకే, మూసేస్తే పోతుంది. కంపైలర్ ఫోల్డర్లు పాత్‌లో లేకుండానే నడిస్తే మింగ్‌డబ్ల్యూ, ఓపెన్‌సీవీ లాంటి వాటి సంగతి తేలినట్టే. కానీ విజువల్ సీ++ ఫైళ్లు సిస్టమ్32లోనే ఉంటాయి కాబట్టి వాటి లోటు ఈ పరీక్షలో బయటపడదు. దానికి విండోస్ శాండ్‌బాక్స్ కావాలి: ‘టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్’లో టిక్ పెడితే వస్తుంది, తెరిచిన ప్రతిసారీ కొత్త విండోస్‌లా ఉంటుంది. మీ ఫోల్డర్‌ను అందులోకి కాపీ చేసి నడపండి. ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో ఉంది, హోమ్‌లో లేదు. హోమ్ వాడేవాళ్లు ఏ డెవలపర్ టూల్సూ లేని ఇంట్లోవాళ్ల కంప్యూటర్‌లో పరీక్షించుకోండి.

అన్నీ చేసినా నడవకపోతే

కొన్ని డీఎల్‌ఎల్‌లు పట్టికలో ఉండవు, ప్రోగ్రామ్ నడుస్తుండగా పేరు పెట్టి పిలుస్తుంది. క్యూటీలో ‘ప్లాట్‌ఫామ్ ప్లగిన్’ మొదలుకాలేదనే సందేశం ఇలాంటిదే: ఈఎక్స్‌ఈ పక్కన ‘ప్లాట్‌ఫామ్స్’ అనే ఫోల్డర్, దానిలో క్యూవిండోస్.డీఎల్‌ఎల్ ఉండాలి. ఓపెన్‌సీవీలో అయితే సందేశమే రాకపోవచ్చు. ప్రోగ్రామ్ లేస్తుంది, వీడియో ఫైలు మాత్రం తెరుచుకోదు. పేరులో ‘వీడియోఐఓ_ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్’ ఉన్న డీఎల్‌ఎల్‌ను కాపీ చేయడం మర్చిపోయి ఉంటారు.

ఇలాంటివి పట్టుకోవడానికి మైక్రోసాఫ్ట్ వారి ప్రాసెస్ మానిటర్ వాడండి. ఫిల్టర్‌లో ప్రాసెస్ పేరుగా మీ ఈఎక్స్‌ఈని, పాత్ చివర .డీఎల్‌ఎల్ అని పెట్టి ప్రోగ్రామ్ నడపండి. ‘నేమ్ నాట్ ఫౌండ్’ అనే లైన్లు పదుల్లో వస్తాయి, కంగారు పడకండి. ఒక్కో ఫోల్డర్‌లో వెతుక్కుంటూ పోయేటప్పుడు అవి సహజం. ఆఖరి దాకా ఒక్క ‘సక్సెస్’ కూడా రాని పేరు ఏదో చూడండి. మీకు కావలసింది అదే.

పైథాన్ నుంచి డీఎల్‌ఎల్ లోడ్ చేసేవాళ్లకు ఒక మాట: 3.8 నుంచి పైథాన్ ఇలాంటి వాటికోసం పాత్‌ను చూడదు. ఓఎస్.యాడ్_డీఎల్‌ఎల్_డైరెక్టరీతో ఫోల్డర్ దారిని కోడ్‌లోనే ఇవ్వాలి.

నిన్నటి దాకా నడిచి ఈరోజు ఆగిపోతే విండోస్ సెక్యూరిటీలోని ప్రొటెక్షన్ హిస్టరీ తెరవండి. యాంటీవైరస్ డీఎల్‌ఎల్‌ను పట్టుకెళ్లి ఉండొచ్చు. ఫైలు ఎక్కడి నుంచి వచ్చిందో మీకు ఖాయంగా తెలిస్తేనే తిరిగి తెచ్చుకోండి. ఇక రెగ్‌సర్వర్32తో డీఎల్‌ఎల్‌ను ‘రిజిస్టర్’ చేయమనే సలహా కూడా తరచుగా కనిపిస్తుంది. అది కామ్ రకం డీఎల్‌ఎల్‌లకు (విండోస్ రిజిస్ట్రీలో నమోదై, ఇతర ప్రోగ్రామ్‌లు వాడుకునేవాటికి) మాత్రమే. లిబ్‌ఎస్‌టీడీసీ++ మీద ప్రయోగిస్తే ‘డీఎల్‌ఎల్‌రిజిస్టర్‌సర్వర్’ దొరకలేదని ఇంకో తప్పు వస్తుంది, అసలు తప్పు అలాగే ఉంటుంది.